కాన్పుకు పుట్టింటికి వెళ్లిన తల్లి ఏ ఊరి రిజిస్టర్లో ఉంటుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం శిబిరం ఫొటో ఒకటి వేశారు. ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని ఒక తల్లి కూర్చుని ఉంది. ఒళ్లో పదేళ్ల పిల్లాడు, పక్కన కాగితాలు పెట్టుకున్న బట్టల షాపు కవరు. ఆమె ఎవరో నాకు తెలియదు గానీ ఆ కవరు బాగా తెలుసు. అలాంటిదే మా ఇంట్లో బీరువా మీద ఉంటుంది. మా బాబు స్కానింగులు, సదరం సర్టిఫికెట్టు, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు, పదేళ్ల మందుల చీటీలు అన్నీ అందులోనే. ఎక్కడికి బయల్దేరినా ముందు బాబును ఎత్తుకుంటాను, తర్వాత ఆ కవరు అందుకుంటాను.

ఫొటో కింద పింఛన్ల తనిఖీ గురించి రాశారు. అది రాయాల్సిందే. తనిఖీ అని చెప్పి నడవలేని పిల్లల్ని ఊళ్లు దాటించి తిప్పడం మాకూ జరిగింది. అయితే ఆ పిల్లాడికి అలా ఎందుకైందన్నది ఆ వార్తలో ఒక్క ముక్క లేదు. పదేళ్లుగా చూస్తున్నాను, మా పిల్లల గురించి పేపర్లో ఏం వచ్చినా పింఛను దగ్గరో మూడు చక్రాల బండి దగ్గరో మొదలవుతుంది. అంతకు ముందు జరిగింది ఎవరూ అడగరు. మా బాబుకు ఎందుకైందో నాకు తెలుసు. ఏ రోజు ఏం జరిగిందో కూడా తెలుసు. అది చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

మాది పొదిలి దగ్గర ఒక పల్లెటూరు. నేను జాకెట్లు కుడతాను. మా ఆయన సీజన్లో పొగాకు బ్యారన్ల దగ్గరికి, మిగతా రోజుల్లో ఏ పని దొరికితే ఆ పనికి వెళ్తారు. మాకు ఇద్దరు పిల్లలు. పాప 2012లో పుట్టింది, బాబు 2015లో. బాబుకు సెరిబ్రల్ పాల్సీ. వాడి మెడ, చేతులు, కాళ్లు వాడి మాట వినవు. గ్లాసు పట్టుకుందామని చెయ్యి చాపితే ఆ చెయ్యి మెలితిరిగి ఇంకో పక్కకు పోతుంది.

నాది బి నెగెటివ్ రక్తం. పాప కడుపులో ఉన్నప్పుడు అత్తగారి ఊరి పీహెచ్‌సీలో చూసి కార్డు మీద రాశారు. మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా, ఏడో నెలలో అమ్మ వచ్చి తీసుకెళ్లింది. కార్డు సంచీలో పెట్టుకునే వెళ్లాను. కాన్పు అక్కడి ఆసుపత్రిలో అయింది. పురుడు పోసిన వాళ్లు కార్డు తిప్పి చూశారో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ రెండు అక్షరాల అర్థం తెలియదు. పాపది పాజిటివ్ అని చాలా ఏళ్లకు, బళ్లో గ్రూపు అడిగినప్పుడు తెలిసింది.

తర్వాత ఒంగోలులో పిల్లల డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పారు. తల్లిది నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పప్పుడు బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి ఒళ్లు దాన్ని పరాయి రక్తమని గుర్తు పెట్టుకుంటుంది. మొదటి బిడ్డకు మామూలుగా ఏమీ కాదు. రెండో బిడ్డది కూడా పాజిటివ్ అయితే తల్లి ఒంట్లో తయారైనది కడుపులో ఉన్న బిడ్డ రక్తకణాల్ని విరిచేస్తుంది. అలా విరిగిన రక్తం నుంచే కామెర్లు వస్తాయి. ఇది జరగకుండా యాంటీ డి అనే ఇంజెక్షన్ ఉంది. ఏడో నెలలో ఒకటి, కాన్పయ్యాక బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల లోపు ఇంకొకటి. గర్భం పోయినా చేయించుకోవాలి. మన దేశంలో నూటికి అయిదుగురు దాకా నెగెటివ్ రక్తం వాళ్లు ఉంటారట. అంటే ప్రతి ఊళ్లోనూ నాలాంటి ఆడవాళ్లు ఉన్నారు. పాప పుట్టిన 72 గంటల్లో ఆ ఒక్క సూది పడి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు.

రెండో కాన్పుకు అత్తగారింట్లో ఉండేదాన్నే. మా అత్తగారు అప్పటికే పోయారు, చూసుకునే ఆడదిక్కు లేదు. మళ్లీ అమ్మ దగ్గరికే వెళ్లాను, కనిగిరి వైపు. సోమవారం తెల్లవారుజామున బాబు పుట్టాడు. మూడు కిలోలకు కాస్త తక్కువ. వార్డంతా వినబడేలా ఏడ్చాడు. మంగళవారం తెల్లారేసరికి ముఖం పచ్చబడింది. మా అమ్మ చూపిస్తే, "పుట్టిన పిల్లలకు మామూలేనమ్మా, పొద్దుటి ఎండలో పెట్టండి తగ్గిపోద్ది" అన్నారు. బుధవారం ఇంటికి పంపించారు. ఆ ఆసుపత్రి పేరు రాయను. ఆ మాట చెప్పే ఆసుపత్రి అదొక్కటే అని నేను అనుకోవడం లేదు.

చాలామంది పిల్లలకు పుట్టాక కాస్త పచ్చ రావడం, దానంతట అదే పోవడం నిజమే. అందుకే ఎవరూ కంగారు పడరు. కానీ పుట్టిన మొదటి 24 గంటల్లో కనిపించిన పచ్చ మామూలు పచ్చ కాదు. అది తెలిసిన వాళ్లెవరైనా వెంటనే బిడ్డకు రక్తపరీక్ష చేయించి నీలం లైట్ల కింద పెట్టేవాళ్లు. ఎండ ఆ లైటుకు సాటి రాదు. ఆ డాక్టరమ్మ చెప్పిన ఇంకో సంగతి: పచ్చ ముఖం నుంచి కిందికి దిగుతుంది. ముఖం, ఛాతీ, పొట్ట, తొడలు, చివరికి అరచేతులు, అరికాళ్లు. పగటి వెలుతురులో బిడ్డ చర్మాన్ని వేలితో ఒత్తి వదిలితే ఆ నొక్కిన చోట రంగు తెలుస్తుంది. అరికాళ్లు పచ్చగా ఉన్నాయంటే ఇక ఒక్క గంట కూడా ఇంట్లో ఉంచకూడదు.

మేం ఎక్కడ చూస్తాం? పురిటి గది కిటికీ మూసి ఉంది, గాలి తగలకూడదని. జీరో బల్బు వెలుగు. రోజూ నూనె రాసి, శనగపిండిలో పసుపు కలిపి నలుగు పెట్టి నీళ్లు పోసేది మా అమ్మ. పసుపు పూసిన ఒంటి మీద పచ్చ ఎట్లా కనబడుతుంది? గురువారం ఎవరో చూసి "పచ్చగా ఉన్నాడే" అంటే మా అమ్మ "నలుగు పసుపమ్మా" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. నిజంగా అలాగే అనుకుంది. రోజూ పొద్దున అరుగు మీద చాప వేసి, కళ్లకు గుడ్డ అడ్డం పెట్టి వాడిని ఎండలో పడుకోబెట్టేది. శుక్రవారం వాడు పాలు పట్టడం మానేశాడు. నోట్లో పెడితే రెండు గుక్కలు లాగి నిద్రలోకి జారుకునేవాడు. బుద్ధిగా పడుకుంటున్నాడని మురిసిపోయాం. ఆ రాత్రి ఏడుపు మారిపోయింది. సన్నగా, కీచుగా, పిల్లి పిల్ల అరిచినట్టు. శనివారం పొద్దున ఎత్తుకోబోతే తల వెనక్కి, మడమలు వెనక్కి పెట్టి విల్లులాగా వంగిపోయాడు. 108కి ఫోన్ చేశాం. ఒంగోలులో రక్తం తీస్తే, కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ 34 ఉంది. ఒంట్లో రక్తం తీసేస్తూ కొత్త రక్తం ఎక్కించారు, లైట్ల కింద పెట్టారు. ప్రాణం నిలబెట్టారు. అప్పటికే మెదడుకు దెబ్బ తగిలింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బిడ్డ ఆసుపత్రిలో పుట్టినా సరే, ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వచ్చి చూడాలి. పాలు తాగుతున్నాడా, పచ్చగా ఉన్నాడా అన్నది ఆమె చూడాల్సిన వాటిలో ఉంది. ఇది ప్రభుత్వం పెట్టిన పద్ధతే, మంచి పద్ధతి. మా ఇంటికి ఎవరూ రాలేదు. ఎందుకంటే నా పేరు అత్తగారి ఊరి రిజిస్టర్లో ఉంది. అక్కడి ఆశా మా గడప దాకా వచ్చి తాళం చూసి వెళ్లిందని తర్వాత తెలిసింది. పుట్టిన ఊళ్లో ఆశాకు నేను వచ్చానన్న కబురే లేదు, ఆమె లెక్కలో నేను లేను. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. గురువారం ఎవరో ఒకరు వచ్చి కిటికీ తెరిచి, నలుగు కడిగి, బాబు పొట్ట మీద వేలు పెట్టి చూసి ఉంటే వాడు ఈరోజు బడికి సైకిల్ మీద వెళ్లేవాడు.

కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. రేపు మారేది కాదు, మారాలని కూడా నేను కోరను. ఆ నెలల్లో ఆడపిల్లకు అమ్మ దగ్గర ఉన్నంత హాయి ఇంకెక్కడా ఉండదు. అయితే బిడ్డకు ఎక్కువ గండం ఉన్న ఆ మొదటి వారంలోనే తల్లి రెండు ఊళ్ల మధ్య పడిపోతోంది. రేషన్ ఎక్కడున్నా తీసుకోవచ్చని ఏర్పాటు చేశారు. పింఛను వేరే చోటికి మార్పించుకోవచ్చు. నెలల గర్భిణి ఒక గ్రామ సచివాలయం పరిధి నుంచి ఇంకో దానికి వెళ్తే, వెళ్లిన రోజే అక్కడి ఆశాకు, ఏఎన్ఎంకు ఫోన్లో పేరు, గ్రూపు, నెలలు చేరేలా చెయ్యడం అంత కష్టమా? నెగెటివ్ రక్తం అయితే కార్డు అట్ట మీదే ఎర్ర సిరాతో పెద్దగా రాయడం కష్టమా? బిడ్డను ఇంటికి పంపేముందు పచ్చ ఉందో లేదో చూసి కార్డు మీద ఒక టిక్కు పెట్టడం?

బాబు నాలుగో నెల వచ్చినా మెడ నిలపలేదు. మా వైపు బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు చేసి పంచుతారు. మా అమ్మ మూడో నెలలోనే బెల్లం తెచ్చి డబ్బాలో పోసి పెట్టింది. అది చీమలు పట్టిపోయింది. తొమ్మిదో నెలలో కొందరు చుట్టాలు "మగపిల్లలు ఆలస్యంగా నడుస్తారులే" అన్నారు. ఇంకొందరు "మేనరికమా?" అని అడిగారు. మాది మేనరికం కాదు. కడుపుతో ఉండగా గ్రహణం చూశావా అని అడిగిన వాళ్లూ ఉన్నారు. ఒక్కరు కూడా "పుట్టినప్పుడు కామెర్లు వచ్చాయా" అని అడగలేదు.

అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు పిల్లల్ని చూసే డాక్టర్ల బృందం వస్తుంది. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అది. పుట్టుకతో వచ్చే లోపాలు, ఎదుగుదల వెనకబడటం కనిపెట్టి జిల్లా కేంద్రానికి పంపడం వాళ్ల పని. మా బాబును వాళ్లు రెండున్నర ఏళ్లు చూడలేదు. నడవలేని పిల్లాడిని అంగన్‌వాడీకి ఎవరు తీసుకెళ్తారు? టీచరమ్మ గుడ్లు, పాలు ఇంటికే పంపేది. బృందం వచ్చిన రోజు బడిలో ఉన్న పిల్లల్ని చూసి వెళ్లిపోయేది. అందరికంటే ముందు చూడాల్సిన పిల్లలు ఇళ్లలో మంచాల మీద ఉండిపోతున్నారు. ఆ బృందం జీపు ఊళ్లోకి వచ్చినప్పుడు, రాని పిల్లల ఇళ్లకు కూడా వెళ్లాలని ఒక్క నియమం పెడితే చాలు.

వాడికి మాటలు రాకపోతే బుద్ధి ఎదగలేదన్నారు. మేమూ నమ్మాం. ఆరేళ్లప్పుడు, ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో టీచరమ్మకు అనుమానం వచ్చింది. వాడు తలుపు శబ్దానికి తిరుగుతాడు, పిలిస్తే మాత్రం ఒకసారి చూస్తాడు, ఇంకోసారి చూడడు. బెరా పరీక్ష చేయించమన్నారు. చెవిలోకి శబ్దం వెళ్తోంది, మెదడుకు సరిగా అందడం లేదని తేలింది. కామెర్లు మెదడుకెక్కిన పిల్లల్లో ఇలా అవుతుందట. అంతకు ముందు చేసిన చిన్న చెవి పరీక్షలో పాస్ అయ్యాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అలాంటి కామెర్లు వచ్చిన ప్రతి బిడ్డకూ మూడు నెలల లోపే బెరా చేయించాలని ఒంగోలు నుంచి పంపేటప్పుడు చీటీలో ఒక వాక్యం రాసి ఉంటే మాకు ఆరేళ్లు మిగిలేవి. వాడి బుద్ధికి ఏ లోటూ లేదు. బొమ్మల కార్డులు చూపిస్తే కళ్లతో జవాబు చెప్తాడు. ఇరవై దాకా కూడికలు చేస్తాడు. వాళ్ల అక్క తప్పు చెప్తే నవ్వుతాడు.

వాడి కళ్లు పక్కలకు తిరుగుతాయి, పైకి లేవవు. అది కూడా ఆ కామెర్ల గుర్తే. చెట్టు మీద కోతి వచ్చిందంటే తల మొత్తం వెనక్కి వాల్చేస్తాడు. ఎత్తుకున్న నాకు భుజం కింద అదాటున బరువు పడుతుంది. అందుకే వాడు పైకి ఏదో చూడబోతున్నాడని నాకు ముందే తెలిసిపోతుంది.

తిండి గురించి ఒక మాట రాయాలి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. వాడికి మింగడం కష్టం. మొదట్లో ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి జావ పోసేదాన్ని, మా అమ్మ నన్ను పెంచినట్టే. తరచూ దగ్గు, జ్వరం, ఊపిరితిత్తుల్లో నిమ్ము. నాలుగేళ్లలో మూడుసార్లు ఆసుపత్రిలో ఉన్నాం. తిండి గొంతు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతోందని ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా మాకు తెలియదు. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కాస్త కిందికి ఉండాలి, చెంచా పై నుంచి కాకుండా ఎదురుగా తేవాలి, మెత్తగా పిసికిన పప్పన్నం ముద్ద గట్టిగానూ ఉండకూడదు, నీళ్లగానూ ఉండకూడదు. ఒక ముద్ద మింగాకే రెండోది. పూటకు ముప్పావు గంట పడుతుంది. అది నేర్చుకున్నాక నిమ్ము రావడం బాగా తగ్గింది. మందూ లేదు, ఖర్చూ లేదు. పదిహేను నిమిషాలు కూర్చుని చూపించారు, అంతే. ఆ పదిహేను నిమిషాలు మాకు నాలుగేళ్లు ఆలస్యంగా దొరికాయి.

మండలంలో భవిత కేంద్రం ఉండటం మా అదృష్టం. ఫిజియోథెరపీ వారానికి ఒక్క రోజు. ఆ రోజు నేను మిషన్ ఎక్కను. ఆటోలో వెళ్లి, వరండాలో మా వంతు కోసం కూర్చుంటాం. అక్కడ కూర్చునే నేను మిగతా పిల్లల కథలు విన్నాను. ఒక బాబు ఏడో నెలలోనే పుట్టాడు. కిలో మూడొందల గ్రాములు. ఇంక్యుబేటర్లో నెలన్నర ఉంచి బతికించారు. నెలలు నిండకుండా, రెండు కిలోల లోపు పుట్టిన పిల్లలకు 30 రోజుల్లోపు కంటి లోపలి పొర చూపించాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ పొర మీద రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతాయి, అప్పుడు లేజర్ చేస్తే చూపు దక్కే అవకాశం బాగా ఉంటుంది. వీళ్లకు అయిదో నెలలో, దీపం వైపు చూడటం లేదని అనుమానం వచ్చింది. హైదరాబాద్ తీసుకెళ్లేసరికి సమయం దాటిపోయింది. ఇంకో పాపకు పుట్టుకతో థైరాయిడ్ లేదు. మడమ దగ్గర తీసే ఒక చుక్క రక్తంతో పుట్టినప్పుడే తెలిసే జబ్బు, రోజుకో మాత్రతో మామూలుగా పెరిగే పిల్ల. ఆమెకు మూడేళ్లు వచ్చాక కనుక్కున్నారు.

ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు, ఇద్దరికీ వినపడదు. వాళ్ల అమ్మను సొంత మేనమామకే ఇచ్చారు. ఒకే ఇంటి రక్తంలో దాగి ఉన్న లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ బిడ్డకు చేరితే ఇలా అవుతుంది. అలాంటి జంటకు ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మేనరికాలు తగ్గాలని నేనూ అంటాను. కానీ ఆ తల్లికి పదిహేడేళ్లకు పెద్దవాళ్లు చేసిన పెళ్లి అది. అందరూ ఆమెను చూసి "మేనరికం మరి" అంటారు, ఆ మాటతో పని అయిపోయినట్టు వెళ్లిపోతారు. పెద్ద పాపకు వినపడదని తెలిశాక, రెండో పాపకు పుట్టగానే చెవి పరీక్ష చేయించమని ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్న ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినపడేలా చెవి లోపల పెట్టే పరికరం, ఉంది. అది చిన్న వయసులో పెడితేనే మాటలు బాగా వస్తాయి. చిన్నపాపకు ఆ వయసు దాటిపోయాక వాళ్లు కేంద్రానికి వచ్చారు.

మా ప్రాంతం వాళ్లకు ఇదేమీ కొత్త కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయే జబ్బును మన దేశంలో 1937లోనే మా దర్శి, పొదిలి వైపు గుర్తించారు. అప్పుడు మేం నెల్లూరు జిల్లాలో ఉండేవాళ్లం. మా తాతయ్య మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసేవాడు. దొడ్డికాళ్ల పిల్లలు మా చిన్నప్పుడు ప్రతి వీధిలో ఉన్నారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదని తెలిసి కూడా ఎన్ని తరాలు బోరు నీళ్లే తాగాయో. కారణం తెలిసినంత మాత్రాన పిల్లలకు ఏమీ ఒరగదని మా తాతయ్య మెడ చూసిన దాన్ని కాబట్టి నాకు తెలుసు. తెలిసింది గడప దాకా రావాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 25వ సెక్షన్ ఉందని మా భవిత టీచరమ్మ చదివి వినిపించారు. ఆదాయ పరిమితికి లోబడి ఉచిత వైద్యం దగ్గరలోనే, ముఖ్యంగా పల్లెల్లో అందాలని అందులో ఉంది. ప్రమాదంలో ఉన్న పిల్లల్ని గుర్తించడానికి ఏడాదికి ఒక్కసారైనా పిల్లలందరినీ చూడాలని ఉంది. కాన్పుకు ముందు, కాన్పప్పుడు, తర్వాత తల్లికీ బిడ్డకూ అందాల్సిన సంరక్షణ గురించీ, వైకల్యం ఎందుకు వస్తోందో పరిశోధించాలనీ ఉంది. అంటే నేను అడుగుతున్నది కొత్తదేమీ కాదు. మా బాబు కవరులో పదేళ్ల కాగితాలు ఉన్నాయి. నీ బిడ్డకు ఇది ఎందుకైంది, ఏ రోజున ఏం జరిగిందని రాసుకున్న కాగితం ప్రభుత్వం తరఫున ఒక్కటి కూడా లేదు. సదరంలో ఎన్ని శాతం అని రాశారు. ఎందుకైందో అందులో రాయలేదు. అది అందరికీ రాసి లెక్క తీస్తే ఒక్క జిల్లాలోనే ఎంతమంది పిల్లలు కామెర్ల వల్ల, ఎంతమంది పుట్టగానే ఏడవకపోవడం వల్ల, ఎంతమంది నెలలు నిండకపోవడం వల్ల ఇలా అయ్యారో ఏడాది తిరక్కుండా తెలుస్తుంది.

దూరం గురించి కూడా చెప్పాలి. చేతులు, కాళ్లు మెలితిరగకుండా కట్టే స్ప్లింట్లు, కాలి బూట్ల కొలతలకు ఒంగోలు వెళ్లాలి. దాదాపు యాభై కిలోమీటర్లు. వాడిప్పుడు ఇరవై రెండు కిలోలు. బస్సులో ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు పక్క సీటు వాళ్లకు తగులుతాయి, కొందరు జరుగుతారు, కొందరు విసుక్కుంటారు. 2020లో కరోనాకు భవిత కేంద్రం మూతపడింది. ఆ ఏడాదికి పైగా ఇంట్లో మాకు తోచినట్టు చేశాం. తెరిచేసరికి పిక్కల కండరాలు బిగుసుకుపోయి, నిలబెడితే మునివేళ్ల మీద నిలబడుతున్నాడు. ఒకసారి శిబిరంలో వాడికి కూర్చునే కుర్చీ కోసం కొలతలు తీసుకున్నారు. కుర్చీ వచ్చేసరికి వాడు దానికి పట్టలేదు, తిరిగి ఇచ్చేశాం. పెరిగే పిల్లలకు ఏడాదిన్నర ఎంత పెద్ద కాలమో కొలతలు తీసుకునే వాళ్లకు తెలియకుండా ఉండదు. పింఛను 2024 జూలై నుంచి 6 వేలైంది, అంతకు ముందు 3 వేలు. దాని విలువ నాకు తెలుసు, మందులు దానితోనే. కానీ ఆ డబ్బుతో మండలంలో వారానికి మూడు రోజులు ఫిజియోథెరపిస్టును నేను పెట్టుకోలేను. అది ప్రభుత్వం చేయాల్సిన పని.

మీ పత్రికను నేను అడిగేది ఒకటుంది. పంచాంగం, బంగారం ధర రోజూ వేస్తారు. ఆ పక్కన వారానికి ఒకసారైనా చిన్న పెట్టె కట్టి వేయండి: నెగెటివ్ రక్తం ఉన్న గర్భిణి ఏ ఇంజెక్షన్ ఎప్పుడు అడగాలో, బిడ్డకు పచ్చ ఎట్లా చూడాలో, పాలు పట్టకుండా మత్తుగా పడుకుంటే ఎక్కడికి ఫోన్ చేయాలో. మా అమ్మకు చదువు రాదు గానీ ఆవిడ ఎదురింటి అబ్బాయి చేత రోజూ పేపర్ చదివించుకునేది. అది వినబడి ఉంటే కిటికీ తెరిచేది.

నేను చేసే పని ఒకటి చెప్తాను. సీమంతం జాకెట్లు కుట్టించుకోవడానికి మా చుట్టుపక్కల ఊళ్ల అమ్మాయిలు నా దగ్గరికే వస్తారు. కొలతలు తీసుకునేటప్పుడు గ్రూపు అడుగుతాను. చాలామందికి తెలియదు, కార్డు తెచ్చి చూపించమంటాను. కొలతల పుస్తకంలో చేతి పొడవు, నడుము పక్కన ఎర్ర పెన్నుతో గ్రూపు రాస్తాను. ఈ నాలుగేళ్లలో అయిదుగురు నెగెటివ్ వాళ్లు దొరికారు. నలుగురికి ఇంజెక్షన్ పడింది, పట్టుబట్టి అడిగించాను. అయిదో అమ్మాయికి ఏడో నెల. వచ్చే బుధవారం కాన్పుకు మార్కాపురం వైపు పుట్టింటికి వెళ్తోంది. ఆ ఊళ్లో ఆశా ఎవరో, ఫోన్ నంబరు ఏమిటో కనుక్కోమని మా ఊరి ఆశాను అడిగాను. ఇంకా తెలియలేదు. ఈ ఉత్తరం పోస్ట్ చేసి మళ్లీ అడగడానికి వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక తల్లి
పొదిలి మండలం
(పేరు వేయవద్దని మనవి)